మూసీ తీరాన మూడు రోజులు

భూమిపై సంచరించమనీ, గతించిన జాతుల పర్యవసానాన్ని కళ్లారా చూసి గుణపాఠం నేర్చుకోమనీ దివ్యఖుర్ఆన్ పలుచోట్ల మానవుణ్ణి ప్రబోధిస్తోంది. అయితే మన ఇళ్లలో ప్రయాణం అనగానే మూడే సందర్భాలు గుర్తుకొస్తాయి: పెళ్లి, చావు, ఆసుపత్రి. ఈ మూడూ కానిదానికి రైలెక్కితే అది దుబారా అనుకునేవారు కొందరు, కాలహరణం అనుకునేవారు మరికొందరు. ముఖ్యంగా భార్యను వెంటబెట్టుకుని నాలుగు చోట్లు చూపించి తీసుకురావడాన్ని ధార్మిక జీవితానికి సంబంధం లేని విషయంగా భావించడం మన సమాజంలో పాతుకుపోయింది.

దైవప్రవక్త (స) జీవితం ఇందుకు భిన్నమైన ఆదర్శాన్ని మన ముందుంచుతోంది. ఆయన ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసుకున్నారు. అబిసీనియా వాసులు మస్జిదె నబవీ ఆవరణలో ఈటెలతో విన్యాసాలు ప్రదర్శిస్తుంటే, ఆమె తృప్తిగా చూసేంతవరకు ఆమెకు మరుగుగా నిలబడ్డారు. రాజ్యవ్యవహారాలూ, ధర్మప్రచారమూ, దైవారాధనా అన్నీ తమ భుజాలపై ఉన్న మహనీయులకు భార్య ముచ్చట తీర్చే తీరిక దొరికింది. మనకు దొరకదా?

మా పిల్లల చదువులు, వివాహాలు అల్లాహ్ దయతో ఒక ఒడ్డుకు చేరాయి. మా మక్తబ్‌కు వచ్చే విద్యార్థులు పగలు బడికి వెళ్లి, ఉదయం సాయంత్రం మా వద్ద ఓనమాలు దిద్దే పసివాళ్లు. కనుక సంక్రాంతికి బడులు మూతపడితే మాకూ వారం రోజుల విశ్రాంతి. ఈ శీతాకాలపు సెలవుల్లో హైదరాబాద్ చూసి రావాలని మేమిద్దరం సంకల్పించుకున్నాము. మా శ్రీమతి ఆ నగరాన్ని అంతకు ముందు చూసింది ఒక్కసారే, అదీ బంధువుల పరామర్శకు వెళ్లి ఆసుపత్రి కిటికీలోంచి.

ఎదురు ప్రవాహంలో

సంక్రాంతి వారంలో హైదరాబాద్ నగరమంతా గోదావరి జిల్లాలకే తరలి వస్తుందా అనిపిస్తుంది. రైళ్లూ బస్సులూ కార్లూ అన్నీ ఇటే. ఆ రాత్రి రాజమండ్రి స్టేషన్‌లో దిగేవారి సందడి అంతా ఇంతా కాదు. వారందరూ దిగాక మేము అవతలి దిక్కుకు వెళ్లే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. పెట్టెలో సగం బెర్తులు ఖాళీ. 1974 నుండి విశాఖపట్నానికీ హైదరాబాద్‌కూ మధ్య నడుస్తున్న ఈ బండిని మన ప్రాంతంవారు పేరు పెట్టి కాక, ఇంటి మనిషిని పిలిచినట్టు "గోదావరి" అనే పిలుస్తారు. వంతెన మీద బండి మెల్లగా సాగుతుంటే కింద చీకట్లో నది కనిపించలేదు గాని, చల్లటి గాలి మాత్రం తగిలింది. మంచు మొదలయింది. మా శ్రీమతి శాలువా సవరించుకుంటూ కొవ్వూరు వచ్చేదాకా కిటికీ వదలలేదు.

రాజమండ్రి నుండి హైదరాబాద్ సుమారు 500 కిలోమీటర్లు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం 48 మైళ్లు, అంటే దాదాపు 78 కిలోమీటర్లు దాటి వెళ్లే సంకల్పంతో తమ ఊరి పొలిమేర దాటినవారు ముసాఫిర్ అవుతారు. ఒకే చోట పదిహేను రోజులు ఉండాలని సంకల్పించుకోనంతవరకు జుహ్ర్, అస్ర్, ఇషాలలోని నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తారు. ఫజ్ర్, మగ్రిబ్‌లలో తగ్గింపు లేదు. స్థానిక ఇమాం వెనుక నిలబడితే ఆయనతో పాటు నాలుగూ పూర్తి చేయాలి. ఈ సౌలభ్యం అల్లాహ్ తన దాసులకు ప్రసాదించిన దానం. దానాన్ని స్వీకరించడమే మర్యాద. మా ప్రయాణ సంచిలో అన్నిటికంటే పైన పెట్టుకున్నవి రెండు జానమాజ్‌లు, వుజూకు ఒక నీళ్ల సీసా. ఆ తర్వాతే బంధువులకు ఆత్రేయపురం పూతరేకులు.

మలక్‌పేటలో మా శ్రీమతి మేనమామ కుమార్తె ఇంట్లో దిగాము. అతిథి మర్యాద మూడు రోజులనీ, అంతకు మించినది దానమనీ ప్రవక్త (స) బోధించారు. మేమూ మూడు రోజులకే ప్రణాళిక వేసుకున్నాము. "అదేమిటి భాయీజాన్, ఇంత దూరం వచ్చి లెక్కపెట్టుకుని ఉంటారా?" అని ఆ సోదరి నొచ్చుకుంది. లెక్క ఉంటేనే మళ్లీ పిలుస్తారని మేమంటే నవ్వేసింది.

రాతపుస్తకాల ముందు

మొదటి రోజు ఉదయం సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్లాము. దీనికి శుక్రవారం సెలవు. పాఠకులు గుర్తుంచుకోవాలి. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ అవివాహితుడుగానే 1949లో మరణించారు. వారసులు లేని ఆ ఇంటి సంపద 1951లో ప్రజల సందర్శనకు తెరుచుకుంది. 1968లో ఇప్పటి భవనానికి మారింది. గంటలు కొట్టే గడియారం ముందు పిల్లలూ పెద్దలూ బారులు తీరి ఉంటారు. గంట మోగగానే లోపలి బొమ్మ బయటికి వచ్చి కొడుతుంది. అది చూసి మా శ్రీమతి కూడా పిల్లలతో సమానంగా సంతోషించింది.

అయితే మా కాళ్లు ఆగిపోయింది రాతప్రతుల వద్ద. వేలితో మూసెయ్యగలిగినంత చిన్న ఖుర్ఆన్ ప్రతులూ, ఇద్దరు మోస్తే గాని కదలనివీ అక్కడ ఉన్నాయి. అచ్చుయంత్రం లేని కాలంలో ఒక్క ప్రతికి ఒక మనిషి ఎన్ని నెలలు, ఎన్ని సంవత్సరాలు వెచ్చించాడో! కలం జారితే ఆ పుట మళ్లీ మొదలు. పాదుషాల చేతులు మారిన ప్రతులు కూడా ఆ అద్దాల వెనుక ఉన్నాయి. పాదుషాలు పోయారు, అక్షరం మిగిలింది.

మా వంటి మద్రసా విద్యార్థులకు హైదరాబాద్ మొదట పరిచయమయ్యేది చార్మినార్ బొమ్మతో కాదు, అరబీ గ్రంథాల ముఖపత్రంతో. ఇబ్నె హజర్ గారి "తహ్జీబుత్ తహ్జీబ్", ఇమాం బైహఖీ గారి "అస్సుననుల్ కుబ్రా" వంటి మహాగ్రంథాలను వెలికితీసి అచ్చువేసింది ఈ నగరమే. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ ఈ పని చేసింది. మిస్రులోనూ షామ్‌లోనూ ఉన్న పండితులు సైతం ఆ ప్రతుల ఆధారంగా పాఠం చెప్పారు. విద్యార్థి దశలో ఆ పుస్తకాల మొదటి పుటలో "హైదరాబాద్ దక్కన్" అన్న మాటలు చదివినప్పుడల్లా ఆ ఊరు ఎలా ఉంటుందో ఊహించుకునేవాళ్లం. అంతకు పన్నెండేళ్ల ముందే, 1876లో, జామియా నిజామియా వెలసింది. ఈ విద్యాసేవ గురించి చెబితే మా శ్రీమతి శ్రద్ధగా విని, "అయితే ఈ ఊళ్లో మీకు ముందే చుట్టరికం ఉందన్నమాట" అన్నది.

చార్మినార్ నీడలో అస్ర్

మధ్యాహ్నం పాతబస్తీలోకి వెళ్లాము. ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో, హిజ్రీ వెయ్యవ సంవత్సరం మొదలైన తరుణంలో, నాలుగు దారుల కూడలిలో ఈ కట్టడాన్ని నిలిపి, దాని చుట్టూ కొత్త నగరానికి రూపకల్పన చేయించాడు. నగర నిర్మాణ ప్రణాళికలో ఆయన ప్రధాని మీర్ మోమిన్ అస్త్రాబాదీ పాత్ర గొప్పది. దూరం నుంచి చూసేవారికి నాలుగు మినార్లే కనిపిస్తాయి. పై అంతస్తులో పడమటి వైపు ఒక మస్జిద్ ఉన్నదన్న సంగతి చాలామందికి తెలియదు.

"మన రాజమండ్రి పెద్ద మసీదు దీనికంటే పాతదా?" అని మా శ్రీమతి అడిగింది. అవును, మన మెయిన్ రోడ్డు మస్జిద్ ద్వారం మీది పారశీక శాసనం 1324 నాటిది. చార్మినార్ కంటే 267 సంవత్సరాలు పెద్దది. మనం రోజూ దాని ముందునుంచే కూరగాయల సంచితో నడిచిపోతాము. పరాయి ఊరికి వెళితే గాని సొంత ఊరి విలువ తెలియకపోవడం మనిషి నైజం.

లాడ్ బజార్‌లో లక్క గాజుల దుకాణాలు వరుసగా ఉన్నాయి. నిప్పుల మీద లక్కను మెత్తబరచి, వేళ్లతో వంచి, అద్దపు రవ్వలు ఒక్కొక్కటే అద్దుతున్న పనివారిని చూస్తుంటే సమయం తెలియలేదు. కోడళ్లకు, అమ్మాయికి గాజులు బేరమాడుతుండగా అస్ర్ అజాన్ వినిపించింది. శీతాకాలంలో అస్ర్‌కూ మగ్రిబ్‌కూ నడుమ వ్యవధి చాలా తక్కువ. దగ్గరలోని ఒక సందులో ఉన్న మస్జిద్‌కు వెళ్లాము. గుమ్మం వద్ద ఉన్న యువకుడు ఎంతో వినయంగా సలాం చేసి, "హజ్రత్, మీరు రండి. కాని ఆడవాళ్లకు ఇక్కడ ఏర్పాటు లేదు" అన్నాడు. వుజూకైనా చోటు చూపగలరా అంటే, కుళాయిలన్నీ మగవారు కూర్చునే చోటే ఉన్నాయన్నాడు. అతని మాటలో కాఠిన్యం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, అంతే.

ఆ సందులో స్కూటర్ల నడుమ ఆమెను నిలబెట్టి మేము లోపలికి వెళ్లలేకపోయాము. తిరిగి గాజుల దుకాణానికే వచ్చాము. సంగతి విన్న దుకాణదారు పైఅంతస్తులోని తల్లిని కేకేశాడు. ఆ వృద్ధురాలు మెట్ల మీదినుంచే "ఆవో బేటీ" అంటూ మా శ్రీమతిని తీసుకెళ్లి, వుజూకు గోరువెచ్చని నీళ్లిచ్చి, తన జానమాజ్ పరిచింది. తర్వాత టీ కూడా ఇచ్చింది. "ఎవరో ఒకరు ఇలా వస్తూనే ఉంటారమ్మా. ఒక్కోసారి పసిపిల్లల తల్లులు. అందుకే ఈ జానమాజ్ మడతపెట్టను" అన్నదట.

కిందికి దిగాక మా శ్రీమతి గాజుల బేరం మర్చిపోయి, అడిగినంతా ఇచ్చేసింది. దారిలో ఒక్క మాట మాత్రం అన్నది: "ఏమండీ, ఆ కాలంలో అంత ఎత్తున మస్జిద్ కట్టినవాళ్లున్నారు. ఈ కాలంలో ఒక్క జానమాజ్ వెడల్పు చోటు దొరకలేదు నాకు." ఆ ప్రశ్న మిగిలిన రెండు రోజులూ మాతోనే నడిచింది.

కోట, నీళ్లు, తెలుగు

రెండవ రోజు గోల్కొండ. ఉదయం ఎండ ముదరక ముందే వెళ్లడం మంచిది. కింది ద్వారం వద్ద ఒకచోట నిలబడి చప్పట్లు కొడితే కొండ మీది బాలా హిసార్‌లో వినిపిస్తాయి. వచ్చినవారంతా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. మా శ్రీమతి మోకాళ్ల నొప్పితో సగం మెట్ల వద్దే కూర్చున్నది. అక్కడినుండే ఆమెకు కనిపించింది మాకు కనిపించనిది. "ఇంత ఎత్తుకు నీళ్లెలా ఎక్కించారు?" అన్నది.

కాలువగట్టున పుట్టిన మనుషులు ఎక్కడికి వెళ్లినా ముందు నీటినే వెదుకుతారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే కదా మన డెల్టాకు అన్నపూర్ణ అనే పేరు దక్కింది! కోటలోకి నీటిని మట్టి గొట్టాల ద్వారా తెచ్చి, నీటి చక్రాలతో ఒక తొట్టి నుండి మరో తొట్టికి, అంచెలంచెలుగా పైకి ఎత్తేవారు. గోడల్లో ఆ గొట్టాల ముక్కలు నేటికీ కనిపిస్తాయి. ఇదే వంశంలోని ఇబ్రాహీం కుతుబ్ షా కాలంలోనే, 1562 ప్రాంతంలో, హుస్సేన్ సాగర్ తవ్వించారు. మన రాజమండ్రి గోల్కొండ ఏలుబడిలోకి వచ్చింది కూడా ఆయన కాలంలోనే.

ఈ ఇబ్రాహీం కుతుబ్ షా గురించి తెలుగు ముస్లిం కుటుంబాలు ప్రత్యేకంగా తెలుసుకోవలసింది ఒకటుంది. రాజ్యానికి రాకముందు ఆయన ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్నారు. అక్కడ తెలుగు రుచి మరిగారు. తెలుగు కవులు ఆయనను "మల్కిభరాముడు" అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన "తపతీ సంవరణోపాఖ్యానం" కావ్యాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. అచ్చతెలుగులో వెలసిన మొట్టమొదటి కావ్యంగా పేరొందిన పొన్నికంటి తెలగన "యయాతి చరిత్ర"ను అంకితం పుచ్చుకున్నది ఆయన కొలువులోని అమీన్ ఖాన్. ముస్లింలకు తెలుగు పరాయి భాష అనేవారికీ, తెలుగులో ధార్మిక విషయాలు రాయడం దేనికని పెదవి విరిచే మనవారికీ ఈ రెండు పేర్లు చాలు.

కోటలో కంచర్ల గోపన్న చెరసాల కూడా ఉంది. ఆ గోడల మధ్య నిలబడితే రాజ్యాధికారం అంటే తోటలూ ఫౌంటెన్లూ మాత్రమే కాదని తెలుస్తుంది. లెక్క అడిగే హక్కు పాలకునికి ఉంది. ఆ పాలకుణ్ణి లెక్క అడిగే న్యాయస్థానం మరొకటి ముందుంది.

మధ్యాహ్నం కుతుబ్ షాహీ సమాధుల తోటకు వెళ్లాము. ఆగా ఖాన్ ట్రస్టు పదేళ్లకు పైగా శ్రమించి ఈ గుమ్మటాలనూ, మెట్ల బావులనూ పునరుద్ధరించింది. మా మనసును పట్టి నిలిపినది గుమ్మటాలు కాదు, వాటి మధ్య ఉన్న స్నానవాటిక. రాజుల భౌతికకాయాలకు గుసుల్ ఇచ్చిన చోటు అది. ఎదుట నక్షత్రాకారపు రాతివేదిక. సింహాసనం మీద కూర్చున్నవాడు చివరికి ఈ రాతి మీద, ఇతరుల చేతుల్లో పడుకున్నాడు. మక్తబ్‌లో పిల్లలకు జనాజా మసాయిల్ ఎన్నోసార్లు చెప్పి ఉంటాము. ఆ రాయి ముందు ఆ పాఠం మాకే మళ్లీ చెప్పినట్టయింది.

ఆ తోటలో చివరి సుల్తాన్ అబుల్ హసన్ తానీషా సమాధి లేదు. 1687లో గోల్కొండ పతనమయ్యాక ఆయన దౌలతాబాద్ కోటలో బందీగా కన్నుమూశారు. వంశమంతా కలిసి కట్టుకున్న శ్మశానవాటికలో ఆ వంశపు రాజుకే చోటు లేకపోయింది. ఏ ప్రాణి ఏ నేలలో మరణిస్తుందో అల్లాహ్‌కు తప్ప ఎవరికీ తెలియదన్న సత్యానికి ఇంతకంటే దృష్టాంతం కావాలా?

ఆ తోటలోనే ఒక మహిళ సమాధి ఉంది. పేరు హయాత్ బక్షీ బేగం. చార్మినార్ కట్టించిన ముహమ్మద్ కులీకి కుమార్తె, ఆయన తర్వాత రాజైన సుల్తాన్ ముహమ్మద్‌కు భార్య, అబ్దుల్లా కుతుబ్ షాకు తల్లి. 1667లో మరణించింది. ఆమె పేరు మీద ఉన్న ఊరిని తిరుగు ప్రయాణంలో చూడాలని మా శ్రీమతి అక్కడే పట్టుబట్టింది.

చింతచెట్టు సాక్ష్యం

మూడవ రోజు శుక్రవారం. ఉదయం అఫ్జల్‌గంజ్ వైపు వెళ్లాము. మూసీని నది అని పిలవడానికి నేడు మనసొప్పదు. మురుగునీరు, దుర్గంధం. గోదావరి నీటితో పెరిగిన కళ్లకు ఆ దృశ్యం బాధ కలిగించింది. కాని 1908 సెప్టెంబరు 28న ఈ నదే ఉప్పొంగి నగరాన్ని ముంచెత్తింది. పదిహేను వేల మంది వరకు మరణించారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇంకా ఉంది. దాని కింద రోగుల బంధువులు చద్దిమూటలు విప్పుకుని కూర్చున్నారు.

మా శ్రీమతి ఆ చెట్టును చాలాసేపు తాకి చూసింది. 1986 ఆగస్టు గోదావరి వరద నాటికి ఆమె చిన్నపిల్ల. లంక గ్రామం నుంచి పడవల్లో వచ్చినవారికి వారి ఇంటి అరుగు మీద వారం రోజులు వంట చేసిపెట్టారట. నీళ్లు చుట్టుముట్టినప్పుడు కొమ్మ ఏ మతం వారిదని ఎవరూ అడగరు, అన్నం ఎవరి ఇంటిదనీ అడగరు.

ఆ ఉత్పాతం తర్వాత పాలకులు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన సూచనలతో మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లోనూ, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. నగరానికి వరద భయం తగ్గింది, తాగునీరు దక్కింది. నదీతీరాన ఉస్మానియా ఆసుపత్రి 1925లో తయారయింది. అంతకు మూడు శతాబ్దాల ముందే ముహమ్మద్ కులీ ఇదే పాతబస్తీలో దారుష్షిఫా అనే వైద్యశాల కట్టించాడు. ఆ పేట నేటికీ ఆ పేరుతోనే ఉంది. మహళ్లలో నివసించినవారి పేర్లు చదివి మరచిపోయాము. చెరువులు, ఆసుపత్రులు, గ్రంథాలు మాత్రం నేటికీ మనిషికి పనికొస్తున్నాయి. సదఖయె జారియా అంటే ఏమిటో పుస్తకంలో కాక ఊరిలో చదివినట్టయింది.

జుమా నమాజ్ మక్కా మస్జిద్‌లో చేసుకున్నాము. మా శ్రీమతి బంధువుల ఇంట్లో జుహ్ర్ చదువుకున్నది. 1617లో సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్ షా ప్రారంభించిన ఈ మస్జిద్ 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. మొత్తం 77 సంవత్సరాలు. మొదలుపెట్టినవాడు పూర్తిచూడలేదు. పూర్తయ్యేనాటికి ఆ వంశానికి రాజ్యమే లేదు. అయినా వేలమంది సజ్దా ఆగలేదు.

హయత్‌నగర్ సరాయి

శనివారం ఉదయం ఎల్.బి.నగర్ వరకు మెట్రోలో వెళ్లి, అక్కడినుండి విజయవాడ దారిలో ఉన్న హయత్‌నగర్‌లో దిగాము. గోల్కొండ రాజ్యానికి సముద్ర ద్వారం మచిలీపట్నం. వర్తకులూ, హజ్‌కు బయలుదేరినవారూ, మన తీరాంధ్ర ప్రాంతపు బాటసారులూ నడిచిన పాత బాట ఈ దిక్కుగానే సాగేది. ఆ బాట పక్కన 17వ శతాబ్దిలో హయాత్ బక్షీ బేగం పేర మస్జిద్ వెలసింది. దాని విశాలమైన ఆవరణ చుట్టూ సరాయి గదులు. పక్కనే "హాథీ బావి" అనే పెద్ద మెట్ల బావి. మస్జిద్, మకాం, మంచినీళ్లు. అలసి వచ్చిన మనిషికి కావలసిన మూడూ ఒక్కచోటే అమర్చిన ఆ దూరదృష్టిని చూస్తే దుఆ దానంతటదే పెదవుల మీదికి వస్తుంది.

మా శ్రీమతి ఒక గది గుమ్మం వద్ద కాసేపు కూర్చుంది. "ఈ గదుల్లో ఆడవాళ్లు కూడా దిగి ఉంటారు కదండీ. నీళ్లు తోడుకుని, తలుపు వేసుకుని, నమాజ్ చదువుకుని ఉంటారు" అన్నది. లాడ్ బజార్ ప్రశ్నకు సమాధానం మూడున్నర శతాబ్దాల నాటి ఆ గుమ్మంలోనే ఉన్నది.

బాటసారి ఇల్లు

స్త్రీకి తన ఇంట్లో నమాజ్ శ్రేష్ఠమని హదీసులు తెలుపుతున్నాయి. మన పెద్దలు ఆ మాట నొక్కి చెప్పారు, మేమూ చెబుతాము. అదే ప్రవక్త (స) స్త్రీలను మస్జిద్‌ల నుండి ఆపవద్దని కూడా ఆదేశించారు. ఈ రెండిటినీ ఎదురెదురుగా నిలిపి వాదించుకునేవారున్నారు. ప్రస్తుతం మేము ప్రస్తావిస్తున్నది ఆ చర్చ కాదు. ఇల్లు శ్రేష్ఠం, నిజమే. కాని ముసాఫిర్ అయిన స్త్రీ ఇల్లు ఎక్కడ ఉంది? వందల కిలోమీటర్ల వెనుక. నమాజ్ మాత్రం ఆమెపై ఇక్కడే, ఈ గడియలోనే ఫర్జ్ అయింది. రోడ్డు మీద ఆమెకు మిగిలేవి రెండే మార్గాలు: ఎవరైనా దయతలచి చోటివ్వాలి, లేదా నమాజ్ ఖజా కావాలి. రెండవది జరిగితే ఆ బాధ్యతలో గుమ్మం మూసిన మనకు భాగం లేదనగలమా?

ఇది హైదరాబాద్ ఒక్కదాని సమస్య కాదు. మన జాతీయ రహదారినే చూడండి. రాజమండ్రి, రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెం, ఏలూరు. ఈ ఊళ్లన్నిటా మస్జిద్‌లున్నాయి. రోజూ ఆ దారిన వందల ముస్లిం కుటుంబాలు కార్లలో, బస్సుల్లో, ఆసుపత్రులకూ శుభకార్యాలకూ పోతుంటాయి. మగవారు దిగి నమాజ్ చేసి వస్తారు. తల్లులూ, అక్కచెల్లెళ్లూ సీట్లలోనే కూర్చుని ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపు మన కళ్లకు అలవాటైపోయింది కనుక లోపంగా కనిపించడం లేదు.

మస్జిద్ కమిటీల పెద్దలకు మా మనవి చాలా చిన్నది. దాదాపు పది అడుగుల గది. దానికి మస్జిద్ లోపలినుండి కాక, పక్కనుండి వేరే ద్వారం. ఒక కుళాయి, ఒక మరుగుదొడ్డి, గోడ మీద ఖిబ్లా గుర్తు, రెండు జానమాజ్‌లు, తలుపుకు లోపలి గడియ. బయట రోడ్డు మీదికి కనిపించేలా ఒక బోర్డు: "ప్రయాణికులైన మహిళలకు నమాజ్ స్థలం". చలువరాళ్లు మార్చడానికీ, మినార్లకు రంగుదీపాలు తొడగడానికీ మనం వసూలు చేసే చందాలో కొంత మొత్తంతోనే ఇది పూర్తవుతుంది. స్థలమే లేని మస్జిద్ అయితే, పక్కింటి ఒక అమ్మ తన వరండాను ఆ వేళకు తెరిచి ఉంచినా చాలు. లాడ్ బజార్ మేడ మీద ఆ వృద్ధురాలు చేస్తున్నది అదే.

ఈ సెలవుల్లో ప్రయాణం తలపెట్టే దంపతులకూ రెండు మాటలు. అప్పు చేసి వెళ్లకండి. మూడు రోజుల్లో ముప్పై చోట్లు చూడాలని పరుగెత్తకండి. రోజుకు రెండు చోట్లు చాలు. బయలుదేరే ముందే ఆ రోజు నమాజ్ వేళలు రాసుకుని, వాటి మధ్య చూడవలసినవి అమర్చుకోండి. చూసినవాటికి నమాజ్ వేళలు అమర్చడం కష్టం. మీ ఇంటి ఆవిడ అలిసిపోయిన చోట మీరూ కూర్చోండి. ఆమె అడిగే ప్రశ్నలు వినండి. గైడు చెప్పనివి అందులో ఉంటాయి.

ఆ సాయంత్రం విజయవాడ దాటాక రోడ్డు పక్కన ధాన్యపు కళ్లాలూ, కాలువ నీళ్లూ, ఊళ్లలో ఆరిపోయిన భోగిమంటల మసీ కనిపించసాగాయి. హైదరాబాద్ తిరిగి వెళ్లే వాహనాలు అవతలి వైపు బారులు తీరాయి. మగ్రిబ్‌కు బస్సు ఒక ఊళ్లో ఆగింది. అక్కడి మస్జిద్ పేరు మేము రాయడం లేదు. కాని ఈ వ్యాసం అచ్చయి ఆ కమిటీ వారి చేతికి చేరాలనీ, వచ్చే శీతాకాలం నాటికి అక్కడ పక్కద్వారం ఒకటి తెరుచుకోవాలనీ దుఆ చేస్తున్నాము. దారిన పోయే ప్రతి దాసికీ, ప్రతి దాసునికీ తన ముందు సాష్టాంగపడే చోటును అల్లాహ్ సులభతరం చేయుగాక. ఆమీన్.